రాగి లోపలి నీరు



ఎవరి స్మృతిలో ఇవాళ మనం ఇక్కడ కలుసుకున్నామో ఆయన ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. ఉద్యోగం చేసినంత కాలం థర్మల్ కేంద్రాల్లో జనరేటర్ మెయింటెనెన్స్ చూశారు. అయినా ఆయన కింద పనిచేసిన వాళ్లమంతా ఆయన్ని మాస్టారు అనే పిలిచాం. ఏ విషయం మీద మాట్లాడతారని నిర్వాహకులు అడిగినప్పుడు నేను తడుముకోలేదు. పెద్ద విద్యుత్ యంత్రాలను ద్రవంతో, ముఖ్యంగా నీటితో చల్లబరచడం ఆయన జీవితకాలపు పని. ఆ పని గురించే మాట్లాడతాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఒక జనరేటర్ ఎన్ని మెగావాట్లు ఇవ్వగలదో తేల్చేది అందులో పోసిన ఇనుమూ రాగీ మాత్రమే అనుకుంటాం. అసలు హద్దు గీసేది వేడి. రాగిలో పుట్టిన వేడిని ఎంత త్వరగా బయటికి తేగలిగితే యంత్రం అంత పెద్దదవుతుంది. గత శతాబ్దంలో టర్బైన్ జనరేటర్లు పది ఇరవై మెగావాట్ల నుంచి వెయ్యి దాటి పెరిగాయంటే, అందులో సింహభాగం చల్లబరిచే విద్య పెరగడం వల్లే. ఆ విద్యను ఇవాళ రోజూ కాపాడుతున్నది కెమిస్ట్రీ ల్యాబ్‌లో నీటి శాంపిల్ పట్టే మనిషి, కాయిల్ చివర్లో బ్రేజింగ్ చేసే మనిషి. వాళ్లిద్దరికీ మన కేంద్రాల్లో దక్కాల్సినంత సమయమూ గౌరవమూ దక్కడం లేదని నా గట్టి నమ్మకం.

సింహాద్రిలోనో రామగుండంలోనో ఉన్న 500 మెగావాట్ల యూనిట్‌ను తీసుకోండి. జనరేటర్ 588 ఎంవీఏ, 21 కిలోవోల్టులు. పూర్తి లోడు మీద స్టేటర్‌లో ఒక్కో ఫేజుకు 16 వేల ఆంపియర్లకు పైగా కరెంటు పారుతుంది. యంత్రం దక్షత నూటికి 98న్నర పాళ్లకు పైమాటే. మిగిలిన పిసరు ఎంత అని తీసిపారేయకండి. 500 మెగావాట్లలో ఆ పిసరే ఆరేడు మెగావాట్ల వేడి. అదంతా ఒక మూసిన ఉక్కు పెట్టెలో, రాగి తీగల్లో, ఇనుప రేకుల్లో, తిరిగే రోటర్ చుట్టూ ఉన్న వాయువులో, రాత్రనక పగలనక పుడుతూనే ఉంటుంది.

యంత్రాన్ని ఇంకాస్త పెద్దది చేస్తే వేడి పలచబడదా అని విద్యార్థులు అడుగుతారు. రెండు కారణాల వల్ల పలచబడదు. మొదటిది లెక్క. కొలతలన్నీ రెట్టింపు చేస్తే వేడి పుట్టే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది, వేడి బయటపడే ఉపరితలం నాలుగు రెట్లే అవుతుంది. అంటే యంత్రం పెరిగేకొద్దీ తన వేడిని తానే వదిలించుకోలేని స్థితికి వస్తుంది. రెండోది ఉక్కు బలం. మన దేశంలో 50 హెర్ట్జ్ కాబట్టి రెండు ధ్రువాల రోటర్ నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. 1.15 మీటర్ల వ్యాసం ఉన్న రోటర్ ఉపరితలం ఆ వేగంలో సెకనుకు 180 మీటర్లు, అంటే గంటకు 650 కిలోమీటర్లు పరుగెడుతుంది. వ్యాసం ఇంకా పెంచితే రోటర్ చివర్లలో వైండింగ్‌ను బిగించి పట్టుకున్న రిటెయినింగ్ రింగులు తట్టుకోలేవు. పొడవు పెంచుకుంటూ పోతే షాఫ్టు వంగి ఊగుతుంది. వ్యాసమూ పొడవూ రెండూ బిగుసుకుపోయాక మిగిలిన దారి ఒక్కటే: ఉన్న రాగిలోనే ఎక్కువ కరెంటు పంపడం. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడిని తీసేవాడికే మెగావాట్లు దక్కుతాయి.

ఇక్కడ అభ్రకం గురించి కాస్త ఆగి చెప్పాలి. మన నెల్లూరు ప్రాంతపు గూడూరు గనుల అభ్రకం ఒకప్పుడు ప్రపంచమంతటా విద్యుత్ యంత్రాల ఇన్సులేషన్ కోసం వెళ్లేది. ఇప్పటికీ స్టేటర్‌లో కరెంటు మోసే రాగి కడ్డీ, అంటే స్టేటర్ బార్ చుట్టూ ఉండేది అభ్రకపు కాగితమే. ఎపాక్సీ రెసిన్‌తో తడిపి, పొర మీద పొర చుట్టి, గట్టిపరిచిన టేపు అది. వేల వోల్టులను దశాబ్దాల పాటు ఓపికగా ఆపే పదార్థాల్లో దీనికి సాటి మరొకటి రాలేదు. చిక్కేమిటంటే విద్యుత్తును ఆపేది వేడిని కూడా ఆపుతుంది. రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 390 వాట్లు. అభ్రకం, ఎపాక్సీ కలిసిన పొరది పావు వాటు దగ్గర ఉంటుంది. 21 కిలోవోల్టుల యంత్రంలో ఆ పొర మందం అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. చదరపు మీటరుకు 1500 వాట్ల వేడి ఆ పొరలోంచి దాటాలంటే పొరకు లోపలి వైపుకీ బయటి వైపుకీ మధ్య 30 డిగ్రీల తేడా కావాలి. బయట ఎంత చల్లటి గాలి వీచినా లోపలి రాగి ఆ 30 డిగ్రీలు ఎక్కువగానే ఉంటుంది. రగ్గు కప్పుకుని పడుకున్న జ్వరం మనిషికి పక్కన కూర్చుని విసనకర్రతో విసిరినట్టు. వేడి ఎక్కువైతే ఇన్సులేషన్ ముసలిదవుతుంది. ఎనిమిది, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి తగ్గుతుందని పాత ఇంజనీర్లు కట్టుకున్న లెక్క ఇప్పటికీ డిజైనర్ల బల్ల మీద ఉంది.

మొదట్లో గాలితోనే నడిపారు. గాలి చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ సెకనుకు 180 మీటర్ల వేగంతో తిరిగే రోటర్‌కు గాలే పెద్ద అడ్డంకి. గాలిని చిలకడానికే బోలెడు శక్తి పోయి, అది మళ్లీ వేడిగా మారుతుంది. ఆ అడ్డంకిని తప్పించింది హైడ్రోజన్. 1915లో మాక్స్ షూలర్ ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నా, అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో హైడ్రోజన్‌తో చల్లబడే టర్బైన్ జనరేటర్ పనిలోకి వచ్చేసరికి 1937 అయింది. హైడ్రోజన్ సాంద్రత గాలిలో పద్నాలుగో వంతు, ఉష్ణవాహకత గాలికి ఏడు రెట్లు. రోటర్ తేలిగ్గా తిరుగుతుంది, వేడి చురుగ్గా బయటపడుతుంది. హైడ్రోజన్ గాలితో నూటికి 4 పాళ్ల నుంచి 75 పాళ్ల వరకూ కలిసినప్పుడు పేలే స్వభావం ఉన్నది కాబట్టి, కేసింగ్‌లో 97, 98 శాతం స్వచ్ఛత తగ్గకుండా చూస్తూ, షాఫ్టు దగ్గర సీల్ ఆయిల్‌తో కాపలా కాస్తూ నడపడం నేర్చుకున్నారు. నింపేటప్పుడూ తీసేటప్పుడూ హైడ్రోజన్‌కూ గాలికీ ముఖాముఖి లేకుండా మధ్యలో కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. మన యంత్రాల్లో రోటర్, కోర్ ఇప్పటికీ హైడ్రోజన్‌తోనే చల్లబడుతున్నాయి.

కానీ అభ్రకపు పొర అలాగే ఉంది. స్టేటర్ రాగికీ హైడ్రోజన్‌కూ మధ్య ఆ అయిదు మిల్లీమీటర్లు అడ్డం. దాన్ని దాటడం మానేసి, చల్లదనాన్ని రాగి లోపలికే తీసుకెళ్లాలన్న ఆలోచన ఇక్కడ పుట్టింది. రాగి తీగను బోలుగా చేసి అందులోంచి నీరు పారించారు. ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని బోల్డ్ విద్యుత్ కేంద్రంలో 1956లో మెట్రోపాలిటన్-వికర్స్ కంపెనీ చేసిన 30 మెగావాట్ల యంత్రంతో అది మొదలైంది. పదేళ్లకల్లా అదే దేశంలో 500 మెగావాట్ల యూనిట్లు తిరగసాగాయి. చైనాలో 2018లో మొదలైన తైషాన్ అణు కేంద్రంలో ఒక్కో జనరేటర్ సామర్థ్యం దాదాపు 1750 మెగావాట్లు. దాని స్టేటర్ కూడా నీటితో చల్లబడేదే.

నీటి బలం ఎంతో ఒక్క లెక్కతో తెలుస్తుంది. ఒక మెగావాటు వేడిని మోసుకుపోతూ తాను 30 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే సెకనుకు ఎనిమిది లీటర్ల నీరు చాలు. అదే పని గాలికి అప్పజెబితే సెకనుకు దాదాపు 30 ఘనపు మీటర్లు, అంటే 30 వేల లీటర్ల గాలి కావాలి. అందుకే గాలితో చదరపు మిల్లీమీటరుకు మూడు నుంచి అయిదు ఆంపియర్ల దగ్గర ఆగిపోయే స్టేటర్ రాగి, నీటితో ఎనిమిది, పది ఆంపియర్లు మోయగలుగుతోంది.

మాస్టారి బల్ల మీద అడ్డంగా కోసిన ఒక స్టేటర్ బార్ ముక్క ఉండేది. కొత్తగా చేరినవాళ్ల చేతిలో ముందు దాన్నే పెట్టేవారు. పైన గోధుమ రంగు అభ్రకపు గోడ. లోపల రెండు వరుసల్లో చదునైన రాగి తీగలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కొన్ని ముద్ద రాగి, వాటి మధ్య మధ్య కొన్ని బోలువి. బోలు తీగ చిల్లు ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఈ తీగలు స్లాటులో తిన్నగా పడుకోవు. కింద ఉన్నది జరిగి జరిగి పైకి వస్తుంది, పైది కిందికి దిగుతుంది. స్లాటులో పైభాగాన అయస్కాంత క్షేత్రం ఎక్కువ. తీగలన్నీ తమ చోటే కదలకుండా ఉంటే పైవాటిలోనే కరెంటు కిక్కిరిసి పారుతుంది. అన్ని తీగలకూ అన్ని చోట్లా వంతు వచ్చేలా ఈ జడ అల్లిక కనిపెట్టినవాడు మాన్‌హైమ్‌లో బ్రౌన్ బోవెరీ ఇంజనీరు లుడ్విగ్ రోబెల్, 1912లో. నూరేళ్లు దాటినా మనం వాడేది ఆయన అల్లికే. "ఈ చిల్లులో ఏం పారుతుందో అది మనం తాగే నీళ్లు కాదు" అనేవారు మాస్టారు, ముక్కను తిరగేసి చూపిస్తూ.

నిజమే. ఒక్క గొట్టం తీసుకుని లెక్కేద్దాం. నీటిని పంచే, భూమికి కలిపిన హెడర్ నుంచి నీరు టెఫ్లాన్ గొట్టం ద్వారా బార్ లోకి వెళుతుంది. బార్ మీద భూమితో పోలిస్తే 12 కిలోవోల్టులు ఉండవచ్చు. గొట్టం మీటరు పొడవు, లోపలి వ్యాసం రెండు సెంటీమీటర్లు అనుకోండి. నీటి కండక్టివిటీ సెంటీమీటరుకు ఒక మైక్రోసీమెన్స్ ఉంటే ఆ నీటి నిరోధం 30 మెగాఓమ్‌ల పైన. పారే కరెంటు అర మిల్లీఆంపియరు కూడా కాదు, వృథా అయ్యేది నాలుగైదు వాట్లు. అదే గొట్టంలో 300 మైక్రోసీమెన్స్ ఉన్న కుళాయి నీరు పోస్తే? కరెంటు వంద మిల్లీఆంపియర్లు దాటుతుంది, ఒక్క గొట్టంలో దాదాపు 1400 వాట్ల వేడి పుడుతుంది. నీరు కదలకుండా నిలిచిందంటే నిమిషంలో మరుగుతుంది. అలాంటి గొట్టాలు యంత్రంలో పదుల సంఖ్యలో ఉంటాయి. అందుకే ఈ యంత్రాలకు డీఎం వాటర్, అంటే లవణాలన్నీ తీసేసిన నీరు తప్ప మరొకటి పనికిరాదు. మిక్స్‌డ్ బెడ్ రెసిన్ గుండా కొంత నీటిని ఎప్పుడూ తిప్పుతూ అయాన్లను లాగేస్తూ ఉండాలి. కండక్టివిటీ మీటరు ముల్లు పైకి కదిలితే అలారం, ఇంకా పైకి పోతే యూనిట్ ట్రిప్.

సింహాద్రికి వెళ్లినవాళ్లు అక్కడి కూలింగ్ టవర్లు చూసే ఉంటారు. కండెన్సర్‌ను చల్లబరిచేది బంగాళాఖాతపు ఉప్పునీరు. దాని కండక్టివిటీ 50 వేల మైక్రోసీమెన్స్ ప్రాంతంలో ఉంటుంది. ఆ నీరు తిరిగే ఆవరణలోనే, టర్బైన్ హాలు లోపల జనరేటర్ స్టేటర్‌లో, ఒకటీ రెండూ మైక్రోసీమెన్స్ నీరు తిరుగుతూ ఉంటుంది. ఒకే కేంద్రంలో రెండు నీళ్లు. ఈ రెంటి మధ్యా పొరపాటున కూడా చుట్టరికం కలవకుండా చూడటమే అక్కడి కెమిస్టుల పని.

కండక్టివిటీ ఒక్కటీ సరిగా ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అసలు మెలిక ఆక్సిజన్ దగ్గర ఉంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ బాగా తక్కువగా, అంటే వంద కోట్ల పాళ్లలో 20 పాళ్ల లోపు ఉంటే రాగి క్షేమం. బాగా ఎక్కువగా, రెండు వేల పాళ్ల పైన ఉన్నా క్షేమమే, రాగి మీద గట్టి ఆక్సైడ్ పొర కట్టుకుని నిలబడుతుంది. ప్రమాదమంతా మధ్యలో, రెండు మూడు వందల పాళ్ల దగ్గర. అక్కడ రాగి కరగడం అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. కరిగిన రాగి ఊరికే పోదు. మరో చోట ఆక్సైడ్‌గా పేరుకుంటుంది, ముఖ్యంగా ఇరుకు చిల్లుల్లో. తక్కువ ఆక్సిజన్ మీద నడిచే యంత్రంలోకి ఏ పంపు గ్లాండ్ గుండానో కాస్త గాలి లోపలికి పోతే, ఎవరికీ తెలియకుండా యంత్రం ఆ మధ్య మండలంలోకి జారిపోతుంది. కండక్టివిటీ మాత్రం బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే రెసిన్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. జర్మన్ డిజైన్ 500 మెగావాట్ల యంత్రాల్లో నీటికి కొంచెం సోడియం హైడ్రాక్సైడ్ కలిపి పీహెచ్‌ను 8.5, 9 మధ్య ఉంచేది ఇందుకే. క్షారం కాస్త ఉన్న నీటిలో రాగి చాలా నెమ్మదిగా కరుగుతుంది. కొన్ని యూరోపియన్ కంపెనీలు నీరు పారే తీగలను స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసి ఈ గొడవ మొత్తాన్నే వదిలించుకున్నాయి. ఆ డిజైన్ అంటే నాకు చాలా గౌరవం. అయితే మన కేంద్రాల్లో తిరుగుతున్నవి ఎక్కువగా రాగి తీగలే, వాటితోనే కాపురం చేయాలి.

మాస్టారి పద్ధతి ఇక్కడే తెలిసేది. ఏ కేంద్రానికి వెళ్లినా కంట్రోల్ రూమ్‌కు ముందు కెమిస్ట్రీ ల్యాబ్‌కు వెళ్లేవారు. స్టేటర్ వాటర్ లాగ్ షీట్లు ఏడాది మొత్తానివీ అడిగి తెప్పించుకునేవారు. ఒక కేంద్రంలో ఒక స్లాటు నుంచి బయటికి వచ్చే నీటి ఉష్ణోగ్రత మిగతా వాటి కంటే రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ఉష్ణోగ్రత కొలిచే ఆర్‌టీడీ పాడైందని అక్కడివాళ్లు రాసి పక్కన పెట్టారు. కొన్ని నెలలకు అది మూడయింది, తర్వాత నాలుగు. మాస్టారు ఆ ఒక్క స్లాటు అంకెలను కాగితం మీద గీత గీసి చూపించారు. పాడైన ఆర్‌టీడీ ఉన్నట్టుండి అటో ఇటో దూకుతుంది, ఇలా మర్యాదగా మెట్టు మెట్టుగా ఎక్కదు అన్నారు. లోడుతో పాటు ఆ తేడా కూడా పెరుగుతోందా అని చూడమన్నారు. పెరుగుతోంది. ఓవర్‌హాల్‌లో గొట్టం విప్పి బోరోస్కోప్ పెడితే, బోలు తీగల మూతుల దగ్గర నల్లటి పొడి కట్టుకుని ఉంది. ఆ బార్‌లో కొన్ని చిల్లులు దాదాపు మూసుకుపోయాయి. వెనక్కి వెళ్లి లాగ్ షీట్లలో ఆక్సిజన్ కాలమ్ చూస్తే ఎన్నో నెలలుగా అంకె ఆ మధ్య మండలంలోనే ఉంది. రాసినవాళ్లు రోజూ నిజాయితీగానే రాశారు. చదివినవాళ్లు లేరు. కెమికల్ క్లీనింగ్ చేసి ఆ యంత్రాన్ని కాపాడగలిగారు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఆ బార్ ఇన్సులేషన్ కాలి, స్టేటర్ మొత్తం విప్పాల్సి వచ్చేది.

ఇక కీళ్ల సంగతి. బార్ చివర తీగలన్నిటినీ ఒక రాగి క్లిప్‌లోకి చేర్చి బ్రేజింగ్ చేస్తారు. కరెంటు, నీరు రెండూ అక్కడి నుంచే లోపలికి పోతాయి. ఎన్నో తీగల మధ్య సందులన్నిటిలోకీ బ్రేజింగ్ లోహం సమంగా పాకాలి. ఎక్కడైనా సన్నటి గాలి గుంట మిగిలితే నీరు అందులో నిలుస్తుంది. నిలిచిన నీరు బ్రేజింగ్ మిశ్రమంలోని ఫాస్ఫరస్‌తో కలిసి ఆమ్లమై లోహాన్ని లోపలి నుంచి తొలుస్తుంది. ఏళ్ల తరబడి సాగి, చివరికి చెమ్మ అభ్రకంలోకి దిగుతుంది. అమెరికాలో 1990లలో చాలా నీటి జనరేటర్లలో బయటపడిన లీకుల కథ ఇదే. తడిసిన అభ్రకం పైకి చూడటానికి బాగానే ఉంటుంది. కెపాసిటెన్స్ కొలిస్తేనే దొంగ దొరుకుతుంది, ఎందుకంటే చెమ్మ ఉన్న చోట ఆ విలువ పెరుగుతుంది.

దీనికి యంత్రంలోనే ఒక రక్షణ ఉంది. కేసింగ్‌లో హైడ్రోజన్ పీడనం సాధారణంగా స్టేటర్ నీటి పీడనం కంటే ఎక్కువ ఉంచుతారు. అందువల్ల రంధ్రం పడితే నీరు బయటికి చిమ్మకుండా హైడ్రోజనే నీటిలోకి చొరబడుతుంది. నీటి ట్యాంకు వెంట్ దగ్గర ఆ హైడ్రోజన్‌ను కొలవవచ్చు. అంటే యంత్రం తన జబ్బును ముందే చెప్పుకుంటోంది. ఆ రీడింగు మెల్లగా పెరగడం మొదలయిందంటే ఎక్కడో ఒక కీలు వదులవుతోందన్న మాట. అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. సన్నటి సందుల్లో కేశనాళికా బలంతో నీరు పీడనానికి ఎదురెక్కి పాకగలదు. అందుకే ఓవర్‌హాల్‌లో నీటినంతా తీసేసి, వైండింగ్‌ను పూర్తిగా ఆరబెట్టి, ప్రెషర్ టెస్టు, వ్యాక్యూమ్ టెస్టు, అనుమానం ఉన్న చోట హీలియం టెస్టు చేయాలి. అసలు సమయం పట్టేది ఆరబెట్టడానికే. లోపల చెమ్మ ఉంటే వ్యాక్యూమ్ టెస్టు ఫలితానికి అర్థం లేదు.

స్టేటర్ సరే, రోటర్‌లోకి కూడా నీరు పంపవచ్చు కదా? పంపినవాళ్లున్నారు. షాంఘైలో 1958లో స్టేటర్‌లోనూ రోటర్‌లోనూ నీరు పారే 12 మెగావాట్ల జనరేటర్ చేశారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. ఆ సాహసం ఎంతటిదో లెక్కేస్తే తెలుస్తుంది. 3000 చుట్ల దగ్గర, ఇరుసు నుంచి 55 సెంటీమీటర్ల దూరంలో ఉన్న నీటి బొట్టు మీద భూమ్యాకర్షణకు అయిదున్నర వేల రెట్ల బలం పనిచేస్తుంది. ఇరుసు నుంచి అక్కడి దాకా ఉన్న నీరు తన బరువుతోనే చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనం పుట్టిస్తుంది. అంత పీడనాన్ని, తిరుగుతూ, వంగుతూ, వేడెక్కి చల్లారే గొట్టాలూ కీళ్లూ ఏళ్ల పాటు తట్టుకోవాలి. చైనా ఇంజనీర్లు ఆ దారిని వదలలేదు. మిగతా ప్రపంచంలో ఎక్కువ మంది రోటర్‌ను హైడ్రోజన్‌కే వదిలేశారు, అది తెలివైన నిర్ణయమనే నేననుకుంటాను.

జలవిద్యుత్ యంత్రాల తీరు వేరు. అవి నెమ్మదిగా తిరుగుతాయి, అందుకని వెడల్పుగా చేయవచ్చు, గాలికి ఉపరితలం దొరుకుతుంది. బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులోని ఇతైపులో స్టేటర్లను నీటితో చల్లబరిస్తే, చైనాలోని బైహెతాన్‌లో ఒక్కోటి వెయ్యి మెగావాట్లయినా గాలితోనే నడుపుతున్నారు. త్రీ గోర్జెస్ భూగర్భ కేంద్రంలో రెండు యూనిట్లలో తక్కువ వేడికే ఆవిరయ్యే ద్రవాన్ని రాగిలో మరిగించి చల్లబరుస్తున్నారు. నీటి యంత్రాల నిర్వహణ కష్టం తెలిసినవాళ్లు వీలున్న చోటల్లా నీటిని తప్పించుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు.

ఇక్కడున్న విద్యార్థుల్లో చాలామంది ఎలక్ట్రిక్ కార్ల కంపెనీల్లో చేరాలని ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు. అక్కడా లెక్క ఇదే, కొలత మాత్రం చిన్నది. కారు మోటారు చుట్టూ ఉన్న జాకెట్‌లో గ్లైకాల్ కలిపిన నీరు తిప్పితే మళ్లీ ఇన్సులేషన్ పొర అడ్డు వస్తుంది. అందుకే నూనెను నేరుగా కాయిల్ చివరల మీద చల్లుతున్నారు. నూనె విద్యుత్తును ప్రవహించనివ్వదు కాబట్టి రాగిని తాకినా ఇబ్బంది లేదు. కానీ వేడి మోయడంలో నూనె నీటికి సగం, ఉష్ణవాహకతలో నాలుగైదో వంతు. విమానాల కోసం సీమెన్స్ చేసిన ఎస్పీ260డీ మోటారు 50 కిలోల బరువుతో 260 కిలోవాట్లు ఇచ్చి 2016లో ఒక చిన్న విమానాన్ని ఎగరేసింది. అదీ నూనెతో చల్లబడేదే. కిలోకు ఎన్ని కిలోవాట్లు అన్న పోటీలో గెలిచేది వేడిని బాగా తీసేవాడే.

చివరగా ఇవాళ మన కేంద్రాల ముందున్న సమస్య. 1979లో విజయవాడ థర్మల్ కేంద్రం 210 మెగావాట్ల యూనిట్లతో మొదలైనప్పుడు, యూనిట్ ఒకసారి లోడు ఎక్కితే నెలల తరబడి అలాగే నడవాలన్నది లక్ష్యం. ఇప్పుడు అలా కుదరదు. మధ్యాహ్నం సౌర విద్యుత్తు వెల్లువలా వస్తుంది, థర్మల్ యూనిట్ దిగాలి. సాయంత్రం మళ్లీ గబగబా ఎక్కాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు ముందు 55 శాతం దాకా, తర్వాత దశల వారీగా 40 శాతం దాకా దిగి నడవగలగాలి. దేశానికి సౌర విద్యుత్తు కావాలి, దిగక తప్పదు. స్టేటర్‌కు దీని అర్థం ఏమిటో మాత్రం చూడండి. కరెంటు 55 శాతానికి తగ్గితే రాగిలో పుట్టే వేడి 30 శాతానికి పడిపోతుంది, 40 శాతానికి తగ్గితే 16 శాతానికి. ఏడు మీటర్ల రాగి 30 డిగ్రీలు చల్లారితే మూడున్నర మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది, చుట్టూ ఉన్న ఇనుప కోర్ అంతగా కదలదు. ఆ కదలిక ఇంతకుముందు ఏడాదికి కొన్ని సార్లే జరిగేది. ఇప్పుడు రోజూ జరుగుతోంది. ఆ ఒత్తిడి పడేది బార్ చివరి కట్ల మీద, గొట్టాల బిగింపుల మీద, మాస్టారు ఎప్పుడూ కలవరపడే ఆ బ్రేజింగ్ కీళ్ల మీద.

కాబట్టి కేంద్రాల అధిపతులు ఈ సభలో ఎవరున్నా, వారిని మాస్టారి తరఫున రెండు విషయాలు అడుగుతున్నాను. స్టేటర్ నీటిలో హైడ్రోజన్, కరిగిన ఆక్సిజన్, ఒక్కో స్లాటు నీటి ఉష్ణోగ్రతల తేడా, ఈ మూడింటినీ ఒకే కాగితం మీద లోడుతో కలిపి గీయించండి. ఆ కాగితాన్ని కెమిస్టు, జనరేటర్ మెయింటెనెన్స్ ఇంజనీరు ఇద్దరూ కలిసి వారానికొకసారి చూసి సంతకం పెట్టాలని ఆదేశించండి. ఇవాళ ఆ అంకెలు రెండు వేర్వేరు విభాగాల రిజిస్టర్లలో విడివిడిగా పడి ఉంటున్నాయి. రెండోది, ఓవర్‌హాల్ షెడ్యూలు కుదించాల్సి వచ్చినప్పుడల్లా ముందు కోత పడేది వైండింగ్ ఆరబెట్టే రోజులకు, వ్యాక్యూమ్ టెస్టుకు. ఆ రోజులను షెడ్యూలులో ఎవరూ ముట్టుకోలేని రోజులుగా రాయించండి. ఆ టెస్టులో వచ్చిన అంకెలను గత ఓవర్‌హాల్ అంకెల పక్కనే పెట్టి చూడకుండా యూనిట్‌ను మళ్లీ బాక్స్ అప్ చేయనివ్వకండి.